వేలిపలక

జూన్‌లో బడి తెరిచిన రెండో వారం. మా లెక్కల మేడం స్టాఫ్ రూములోకి వచ్చి, "సార్, జర ఇటు వస్తరా, గిది మీకే తెలవాలె" అని కంప్యూటర్ గదికి పిలుచుకుపోయింది. ఎవరో దాత ఇచ్చిన పాత ల్యాప్‌టాప్‌లు అవి. వాటిలో ఉచితంగా దొరికే లినక్స్ వేయించారు. మేడం ఏదో నొక్కేసరికి తెర మీద మాటలన్నీ తెలుగులోకి మారాయి. సెట్టింగుల పట్టీలో ధ్వని, తెర, ముద్రణ అని ఒకదాని కింద ఒకటి ఉన్నాయి. ఆమె వేలు ఒక మాట దగ్గర ఆగింది.

"వేలిపలక అట. వేలిపలక అంటే ఏంది సార్?"

"తెల్వదు మేడం" అన్నాను.

నేను తెలుగు పంతులును. ఆ మాట పుట్టినప్పుడు పక్కనే ఉన్నాను. దానికి పోటీగా నా మాట ఒకటి పెట్టి ఓడిపోయాను కూడా. "అయ్యో, మీక్కూడ తెల్వదా" అని మేడం నవ్వింది. నేను బయటికి వచ్చి నల్లా దగ్గర మొహం కడుక్కొని, ఆ గంట పాఠం చెప్పకుండా పిల్లలకు చదువుకొమ్మని చెప్పి కూర్చున్నాను.

ఆ మాట పెట్టినాయన మా ఇంట్లో కిరాయికి ఉండేవాడు. పోయిన ఏడాది ఎండాకాలంలో చనిపోయాడు.

బాన్సువాడ పాత బజారులోని ఒక ప్రింటింగ్ ప్రెస్సులో ఆయన కంపోజింగ్ చేసేవాడు. పెండ్లి పత్రికలు, దుకాణాల రసీదులు, బడుల ప్రశ్నపత్రాలు అన్నీ ఆయన చేతి మీదుగా పోయేవి. సొంతూరు బిచ్కుంద. ఇంట్లో దక్కనీ, ప్రెస్సులో తెలుగు, ఊరి నుంచి పాత దోస్తులు ఫోను చేస్తే మరాఠీ. ఊళ్లో అందరికీ ఆయన భాయ్. నాకూ భాయే. యాభై దాటి ఉంటాయి. బక్కపలచని మనిషి, కొంచెం ముందుకు వంగి, ఏదో చదువుకుంటూ పోతున్నట్టు నడిచేవాడు. నిజంగానే చదివేవాడు. బస్టాండు గోడ, ట్రాక్టరు వెనక భాగం, మందుల దుకాణం బోర్డు, ఎక్కడ అక్షరం తప్పున్నా కాళ్లు అక్కడే ఆగేవి. "చూడుండ్రి సార్, పాపం ఒత్తు ఊడిపోయింది" అనేవాడు, చిన్నపిల్ల అంగీకి గుండీ ఊడినట్టు.

ఇల్లు అడగడానికి వచ్చిన రోజు కూడా అంతే. గేటు దగ్గర నిలబడి మా ఇంటి పేరు పలకను చూస్తూ ఉండిపోయాడు. మా నాయన ఉన్నప్పుడు రాయించిన పలక అది. 'లక్ష్మీ'లో మ ఒత్తు లేదు. ఇన్నేళ్లు ఆ గేటులోంచి రోజూ బడికి పోయి పిల్లల నోటుపుస్తకాల్లో ఒత్తులు దిద్దినవాణ్ని, నాకు కనబడలేదు. ఆయన ఏమీ అనలేదు. మా అమ్మ కింది గదులు చూపించింది. బాగున్నాయన్నాడు. సామాను దించుకున్న మొదటి ఆదివారం పొద్దున నేను లేచి చూస్తే, సన్నటి కుంచె, చిన్న రంగు డబ్బాతో గేటు ముందు గొంతుకూర్చొని ఉన్నాడు. ఒత్తు పెట్టేసి, తల పక్కకు వంచి చూసుకొని, "ఇగ మంచిగున్నది" అని లోపలికి పోయాడు. ఆ రోజు నుంచి మా అమ్మకు ఆయనంటే ఇష్టం ఏర్పడింది. చారు మిగిలినా, పచ్చడి పెట్టినా ఒక గిన్నె కిందికి పోయేది. కింద నుంచి పండగకు షీర్‌కుర్మా పైకి వచ్చేది.

భార్యాభర్తలు ఇద్దరే ఉండేవాళ్లు. పిల్లలు లేరు. భాభీ బీడీలు చుట్టేది. చాట ఒళ్లో పెట్టుకొని కూర్చొని, చేతులు వాటి పని అవి చేసుకుంటుంటే, ఆమె మాత్రం ఎప్పుడూ భర్త గదివైపు చూస్తుండేది. తెలుగు బాగా మాట్లాడేది గానీ చదవడం రాదు, ఉర్దూ ఒక్కటే చదువుతుంది.

ఆ గదిలో కిటికీ పక్కన ఒక చిన్న బల్ల, దాని మీద ఆయన ల్యాప్‌టాప్. ప్రెస్సు యజమాని పనికిరాదని పక్కన పడేస్తే అడిగి తెచ్చుకున్నాడు. దాంట్లో లినక్స్ వేసుకున్నాడు. ఎందుకని అడిగితే, "ఇది ఎవ్వని జాగీరు గాదు సార్. లోపల ఏమున్నదో అంత తెరిచి చూసుకోవచ్చు. మనకు చాతనైంది మనం చేసి పెట్టొచ్చు" అన్నాడు. ఆయనకు చాతనైంది తెలుగు. ఆ తెర మీద కనిపించే మాటల్ని, మెనూలను, హెచ్చరికలను తెలుగులోకి మార్చి పంపేవాడు. దేశంలో ఎక్కడెక్కడివాళ్లో నలుగురైదుగురు ఆ పని చేస్తారట, ఎవరూ ఎవరినీ చూసింది లేదు. జీతం లేదు, ఎక్కడా పేరు రాదు. సాయంత్రం నమాజు చదువుకొని వచ్చి, చాయ్ తాగి, బల్ల దగ్గర కూర్చునేవాడు. ల్యాప్‌టాప్ మీద వేలు పెట్టే ముందు ఆ వేలిని అంగీ జేబు మీద రెండుసార్లు తుడుచుకునేవాడు. ఆయన అంగీలన్నిటికీ ఆ జేబు దగ్గర రంగు వెలిసిపోయి ఉండేది. ఏదైనా ముఖ్యమైన మాట చెప్పే ముందు కూడా వేలు అట్లాగే జేబు మీదికి పోయేది.

"ఎవరు చూస్తరు భాయ్ తెలుగుల? అందరు ఇంగ్లీషులనే వాడుతరు" అన్నాను ఒకసారి.

"ఎవరో ఒకరు తెరుస్తరు గద సార్. తెరిచినోళ్లకు సమజ్ గావాలె."

అట్లా మాటల కోసం పైకి వచ్చేవాడు. మెట్ల మీద చెప్పుల చప్పుడు వినగానే నాకు తెలిసేది. "సార్, ఒక మాట ఉన్నది" అని మొదలుపెట్టేవాడు. నాకు అది గర్వంగా ఉండేది, దాచుకోను. బడిలో నా తెలుగు ఎవరికీ అక్కర్లేదు. ఇక్కడ ఒక మనిషి పనిగట్టుకొని మెట్లెక్కి వచ్చి అడుగుతున్నాడు.

ఒక రోజు ల్యాప్‌టాప్ మీద వేలితో తడిమే ఆ చదునైన చోటుకు మాట కావాలన్నాడు. "టచ్‌ప్యాడ్ అని అట్లనే రాసేద్దమనుకున్న. మనసొప్పుతలేదు." నేను ఆలోచించకుండానే "స్పర్శఫలకం" అన్నాను. ఆయన వేలు జేబు మీద తుడుచుకున్నాడు.

"మంచిగున్నది సార్. కానీ అమ్మకు సమజైతదా?"

మా అమ్మ వంటింట్లో ఉంది. అక్కణ్నుంచే అడిగాడు. "అమ్మా, స్పర్శఫలకం అంటే ఏంది?"

"ఏమో నాయనా. ఏ గుళ్లె పెట్టిన్రు?"

"మరి వేలిపలక అంటే?"

"వేలుతోని రాసే పలక." ఇంత చిన్న ప్రశ్నా అన్నట్టు చెప్పింది.

ఆయన నా వైపు చూశాడు. నవ్వలేదు. నేను చిన్నబుచ్చుకుంటానేమోనని చూపు తిప్పుకొని, మెల్లగా రాసుకున్నాడు.

దానికి పేరు పెట్టిన నెలకే ఆయన వేలిపలక చెడింది.

"దిష్టి తాకింది సార్ దానికి" అని నవ్వుతూ వచ్చి చెప్పాడు. తెర మీది బాణం ఉన్నచోట ఉండడం లేదు. ఒకచోట పెడితే ఇంకోచోటికి దునుకుతోంది. వేలు తీసేసినా వణుకుతోంది. నొక్కకుండానే నొక్కినట్టవుతోంది. రాసిన వాక్యం మధ్యలోకి పోయి తర్వాతి మాట అక్కడ పడుతోంది. ఒక సాయంత్రం రెండు గంటలు కూర్చొని చేసిన పనంతా, బాణం తనంతట తాను పోయి ఒక బటన్ నొక్కేసరికి పోయింది. ఆ రోజు నేను కిందికి దిగినప్పుడు ఆయన రెండు చేతులూ ఒళ్లో పెట్టుకొని తెర వైపు చూస్తున్నాడు. అంత కోపం లేని మనిషిని నేను చూడలేదు. అంత అలసిపోయిన మనిషినీ చూడలేదు.

"కొత్తది తీసుకోరాదు భాయ్?"

"ఎందుకైతుందో తెలువకుండ కొత్తది తెచ్చినా గట్లనే అయితది సార్."

ఆయన పద్ధతి ఒకటుంది. ఒక్కసారికి ఒక్కటే మార్చాలె అనేవాడు. రెండు మారిస్తే దేనివల్ల బాగైందో తెలియదట. రోజుకొకటి మార్చాడు. అరచేయి తగిలితే పట్టించుకోవద్దనే అమరిక పెట్టాడు, లాభం లేదు. వేలిపలకను నడిపే సాఫ్ట్‌వేర్ ఒకటి తీసి ఇంకొకటి వేశాడు, మొత్తం వ్యవస్థను కొత్తదానికి మార్చాడు, లాభం లేదు. బ్యాటరీ ఉబ్బి కింది నుంచి నెడుతోందేమోనని అడుగు మూత విప్పి చూశాడు. ఉబ్బలేదు, కానీ అది అప్పటికే ముసలిదైపోయింది, చార్జర్ పెట్టకపోతే పది నిమిషాలు నిలబడదు. వేలిపలక తీగను తీసి తుడిచి మళ్లీ బిగించాడు. ప్రతిదాని తర్వాతా ఒక పూట ఊరుకొని చూసేవాడు. ఆయన చేస్తున్నది వైద్యమనీ, తొందరపడితే రోగి ప్రాణం మీదికి వస్తుందనీ అనిపించేది.

అన్నిటికంటే నాకు గుర్తుండిపోయింది ఆయన కూర్చునే తీరు. ఒకరోజు పోయి చూస్తే, ఎడమచేత్తో కిటికీ ఇనుప ఊచ పట్టుకొని, చెప్పు విడిచి ఒక కాలు నేల బండ మీద ఆనించి, కుడిచేతి వేలితో పని చేస్తున్నాడు.

"ఇదేం ఆసనం భాయ్?"

"ఇట్ల పట్టుకుంటే బాణం నిలబడుతుంది సార్. వదిలితే దునుకుతుంది. చూడుండ్రి." ఊచ వదిలాడు, బాణం వణికింది. పట్టుకున్నాడు, నిలబడింది. చిన్నపిల్లాడిలా మళ్లీ మళ్లీ చేసి చూపించాడు. ఎందుకో మాత్రం ఇద్దరికీ తెలియలేదు.

దాన్ని ఆయన ఇంటర్నెట్‌లో ఆ లినక్స్ వాడేవాళ్లందరూ రాసుకునే చోట రాసి పెట్టాడు. రెండు రోజులకు, బ్రెజిల్ దేశంలో ఉన్నానన్న ఒకాయన ఒకే ఒక ప్రశ్న వేశాడట. మీ గోడలోని సాకెట్‌కు ఎర్తింగ్, అంటే భూమిలోకి పోయే తీగ, ఉందా?

ఆ రోజు మెట్ల మీద చెప్పుల చప్పుడు వేరుగా వినిపించింది. "సార్, దొరికింది సార్! చార్జర్ తీస్తే మంచిగుంటుంది. పెడితే దునుకుతుంది. ప్రెస్సుకు తీస్కపోయి పెట్టి చూసిన, అక్కడ చార్జర్ పెట్టినా మంచిగనే ఉన్నది. ల్యాప్‌టాప్‌కు ఏ రోగం లేదు సార్. రోగం ఇంటిది." ఆయన మా గదిలో సాకెట్‌కు చార్జర్ పెట్టి చూపించాడు. మా ఇంట్లోనూ బాణం దునికింది. మెయిన్ బందు చేయించి, స్క్రూలు విప్పి, బోర్డు తెరిచాడు. "చూడుండ్రి. మూడో రంధ్రం ఎనుక ఏం లేదు. ఉత్త రంధ్రమే. ఎక్కడో సముద్రాల అవతల ఉన్నాయన మన గోడల ఏం లేదో చెప్పిండు సార్!"

నేనూ ఆశ్చర్యపోయాను. ఆ సాయంత్రం ఇద్దరం చాలాసేపు నవ్వుకున్నాం.

వేలు జేబు మీదికి పోయింది. "అయితే సార్, బాణం సంగతి ఇడిసిపెట్టుండ్రి. ఎర్తింగ్ లేకుంటే మనుషులకు ఖతరా. కూలరున్నది, ఫ్రిజ్జున్నది, అమ్మ తడిచేతులతోని తిరుగుతది. ముంగట ఒక గుంత తవ్వి ఇనుప సలాక పాతాలె. అంతే. మీరు ఊ అంటే నేనే మనిషిని తెస్త."

"చూద్దాం భాయ్" అన్నాను.

చూద్దామనడంలో నాకు అప్పుడు తప్పు కనిపించలేదు. ఇంటి ముందు గచ్చు తీసేసి టైల్స్ వేయించి ఆరు నెలలు కాలేదు. అమ్మకు చెప్తే ముందు టైల్స్ అన్నది. గుంతలో ఏం వేస్తారని అడిగింది. ఉప్పు, బొగ్గు వేస్తారని భాయ్ చెప్పగానే ఆమె మొహం మారింది. "ఇంటి ముంగట ఉప్పు, బొగ్గు పాతిపెడుతరా? వాడకట్టోళ్లు చూస్తే ఏమనుకుంటరు? ఎవరి మీదనో చేసినమని అనుకోరా?" భాయ్ ఎంతో మర్యాదగా, భూమిలో తడి నిలవడానికమ్మా అని చెప్పాడు. అమ్మ వినలేదు. నేను పక్కనే ఉన్నాను. అది మూఢనమ్మకమని నాకు తెలుసు. పిల్లలకు పాఠంలో చెప్తాను. ఆ పూట నోరు విప్పలేదు. ఎందుకొచ్చిన గొడవ అనుకున్నాను, అంతే. అంతకంటే పెద్ద కారణం ఉంటే ఇప్పుడు చెప్పుకునేవాణ్ని.

చలికాలం పోయింది. ఆయన మళ్లీ అడిగాడు. బడి నుంచి అలసిపోయి వచ్చిన రోజు అది. "ఒక మౌస్ కొనుక్కోరాదు భాయ్, పనైపోతది గద" అన్నాను. ఆయన వేలు జేబు దాకా పోయి ఆగింది. "కొనుక్కోవచ్చు సార్" అన్నాడు. "మౌస్‌తోని బాణం నిలబడుతది. గోడ అట్లనే ఉంటది."

ఎండలు మొదలయ్యాక మేము కొత్తగా ప్లాస్టిక్ కూలరు కొన్నాం. మా పాత ఇనుప కూలరును అమ్మే కిందికి ఇప్పించింది. "పడమటి గది, పాపం ఉడికిపోతున్నరు" అంది. ప్రేమతోనే ఇచ్చింది. ఆయన దాన్ని చెక్క పలక మీద పెట్టుకున్నాడు. నీళ్లు పోసే ప్రతిసారీ ప్లగ్ ఊడదీసి, దాన్ని చేతిలో పట్టుకొని చూసి, పక్కన పెట్టి, అప్పుడు బకెట్ ఎత్తేవాడు. భాభీని ఆ దరికి రానిచ్చేవాడు కాదు.

నాలుగోసారి అడిగినప్పుడు, సెలవుల్లో చేయిద్దామన్నాను. ఈసారి మనసులో నిజంగానే అనుకున్నాను. సెలవులిచ్చాక ఎలక్ట్రీషియన్‌కు ఫోను చేశాను కూడా. పెండ్లిళ్ల సీజన్ సార్, పందిళ్ల లైట్ల పనిలో ఉన్నా, వారం ఆగుండ్రి అన్నాడు. సరే అన్నాను. ఫోను పెట్టేశాక నాకు ఊపిరి పీల్చుకున్నట్టయింది. అమ్మతో మాట్లాడడం ఇంకో వారం తప్పింది.

అది మంగళవారం. శుక్రవారం ఆయన చనిపోయాడు.

మధ్యాహ్నం నమాజు నుంచి వచ్చి అన్నం తిన్నాడట. కరెంటు పోయింది. కూలరులో నీళ్లు అడుగంటాయి. కరెంటు లేదు కదా అని ప్లగ్ తీయలేదో, తీసిందే అనుకున్నాడో తెలియదు. భాభీ వంటగదిలో గిన్నెలు కడుగుతోంది. నేను పైన పడుకొని ఉన్నాను. కరెంటు వచ్చి ఫ్యాను తిరిగింది. చల్లగాలి తగిలి నాకు హాయిగా అనిపించింది. అది గుర్తుంది. ఆ వెంటనే కింద బకెట్ పడిన చప్పుడు, భాభీ కేక.

నేను దిగేసరికి ఆయన తడి నేల మీద కూలరుకు ఆనుకొని ఉన్నాడు. ఎవరు అరిచారో, "ముట్టకుండ్రి, ముట్టకుండ్రి" అని. మెయిన్ బందు చేసింది నేనే. ఆటోలో ఏరియా దవాఖానకు తీసుకుపోయాం. తల నా ఒళ్లో ఉంది. తడిసిన అంగీ జేబు దగ్గర రంగు వెలిసిన చోటు ఇంకా తెల్లగా కనిపించింది. డాక్టరు చేయి పట్టుకొని చూసి, వచ్చేటప్పటికే అయిపోయిందన్నాడు.

సాయంత్రం పోలీసులు వచ్చారు. కానిస్టేబుల్ మా అరుగు మీద కూర్చొని పంచనామా రాశాడు. కరెంటు ఉన్నదీ లేనిదీ చూసుకోక, తన నిర్లక్ష్యం వల్ల అని రాశాడు. సాక్షి సంతకానికి నన్ను పిలిచాడు. "మీరు తెలుగు సార్లు గద, తప్పులుంటే జర చూడుండ్రి" అని కాగితం నా చేతికిచ్చాడు. నిర్లక్ష్యంలో య ఒత్తు లేదు. చెప్పాను. కానిస్టేబుల్ దిద్దాడు. నేను సంతకం పెట్టాను.

అదొక్కటే దిద్దాను. ఆ ఊళ్లో అంత జాగ్రత్త గల మనిషి ఇంకొకరు లేరని నాకు తెలుసు. అడిగినన్నిసార్లు నేను ఏం చెప్పానో తెలుసు. ఆ మాట దాని అక్షరాలన్నిటితో సరిగ్గా ఉందా లేదా అని మాత్రమే చూశాను.

మరునాడు బిచ్కుందలో ఆయనకు మట్టి ఇచ్చారు. పోయి వచ్చాను. నాలుగో రోజు ఎలక్ట్రీషియన్ తనే వచ్చాడు. టైల్స్ పగలగొట్టి గుంత తవ్వాడు. అమ్మ లోపలి నుంచి ఉప్పు సంచి తానే మోసుకొచ్చి గుంత పక్కన పెట్టి, లోపలికి పోయి పడుకుంది. సలాక పాతి, తీగ కలిపి, మీటరు పెట్టి చూసి అతనన్నాడు: "గిది ముందే ఉంటే ఫ్యూజు కొట్టేసేది సార్. మనిషికి ఏం గాకపోతుండె." పూటలో అయిపోయిన పని.

నలభై రోజులు గడిచాక భాభీ సామాను తీసుకుపోవడానికి వచ్చింది. వెంట వచ్చిన చుట్టాలు ట్రాలీ ఆటోలో మంచం, బల్ల, బీడీల చాట, గిన్నెలు ఎక్కించారు. ల్యాప్‌టాప్‌ను చీరలో చుట్టి ఆమె ఒళ్లోనే పెట్టుకుంటుందని చెప్పారు. అంతా అయ్యాక పైకి వచ్చింది. చేతిలో ఒక పొడుగాటి నోటుపుస్తకం ఉంది. నేను దాన్ని ఎప్పుడూ చూడలేదు.

"భయ్యా, ఇది బల్ల సొరుగుల దొరికింది. తెలుగుల రాసిండు. నాకు చదువుడు రాదు గద. జర చదివి చెప్తరా?"

ఆ దస్తూరి అచ్చు అక్షరాల్లా ఉంది. ఆయన చేసిన పరీక్షలన్నీ ఒక్కొక్క పంక్తిలో రాసి పెట్టుకున్నాడు. నేను చదవడం మొదలుపెట్టాను. అరచేయి అమరిక మార్చిన, ఫరక్ లేదు. బ్యాటరీ చూసిన, ఉబ్బలేదు. చార్జర్ తీసిన, బాణం నిలబడ్డది. మళ్ల పెట్టిన, దునికింది. ప్రెస్సుల చూసిన, మంచిగున్నది. భాభీ కింద కూర్చొని, కళ్లు మూసుకొని వింటోంది. ఆయన గొంతు వింటున్నట్టు తల ఊపుతోంది.

పుట తిప్పాను.

'సార్‌ను అడిగిన. చూద్దమన్నరు.'

'సార్‌ను అడిగిన. అమ్మకు ఇష్టం లేదు.'

'సార్‌ను అడిగిన. మౌస్ కొనుక్కోమన్నరు.'

'సార్‌ను అడిగిన. సెలవులల్ల అన్నరు. ఇగ అడుగుడు బాగుండదు.'

ఆ తర్వాత ఏమీ లేదు.

"ఇగ అంతే భాభీ" అన్నాను. "మిగిలినయి అన్ని కంప్యూటర్ మాటలే. నాక్కూడ సమజ్ గావు."

ఆమె కళ్లు తెరిచింది. కొంచెంసేపు నా మొహం చూసింది. కోపంగా కాదు. బజారులో ఎవరినో చూసి తెలిసినవాళ్లేమో అనుకొని, కాదని తెలుసుకున్నట్టు చూసింది.

"మా అక్క బిడ్డ కాలేజీల చదువుతది భయ్యా. ఊరికి పోయిననాడే పుస్తకం తీస్కపోయిన, మొన్న ఆమె చదివి చెప్పింది, ఆఖరి పంక్తి దాక. మీరెట్ల చదువుతరో విందామని వచ్చిన."

పుస్తకం ఆమెకు ఇచ్చేశాను. "భాభీ, నేను స్టేషన్‌కు పోయి రాసిస్త. భాయ్ తప్పు ఏం లేదని రాసిస్త."

"మరి ఎవరి తప్పని రాస్తరు?"

వంటింట్లో చప్పుడు ఆగిపోయింది. అమ్మ వింటోంది. భాభీ జవాబు కోసం నిలబడలేదు. పుస్తకాన్ని కొంగులో చుట్టుకొని, గోడ పట్టుకొని మెట్లు దిగింది. కింద ఆటో కదిలిన చప్పుడు వినిపించింది.

మరునాడు స్టేషన్‌కు పోయాను. చెప్పాల్సిన నాలుగు వాక్యాలు దారిలో మనసులో కూర్చుకున్నాను. అదే కానిస్టేబుల్ ఉన్నాడు. లేచి కుర్చీ జరిపి, "రాండ్రి సార్, ఏం పని పడ్డది?" అన్నాడు.

"ఏం లేదు. ఇటు పోతుంటిని, వచ్చిన."

చాయ్ తెప్పించాడు. తాగి వచ్చాను.